మూరెడెత్తు వీరుడికి మా ఆయన రాసిన సమీక్ష

మా ఆయనకు ఆలోచించి నవ్వుతాడని పేరు. హాల్లో అందరూ పగలబడి నవ్వాక, ఒక్క క్షణం ఆగి అప్పుడు నవ్వుతాడు. తోటి సమీక్షకులు దాన్ని పెద్దరికం అనుకుంటారు. అసలు సంగతి వేరు. లైట్లు ఆరగానే ఆయన కుడిచెయ్యి నా చేతిలోకి వస్తుంది. తెర మీద మాటల్లేకుండా నవ్వొచ్చేదేదైనా జరిగితే ఆ అరచేతిలో బొటనవేలితో ఒక నొక్కు నొక్కుతాను. నొక్కు అందాక ఆయన నవ్వుతాడు. కాబట్టి ఆ ఆలస్యం ఆయన ఆలోచనది కాదు, నా బొటనవేలిది.

మా ఆయనకు చూపు పోతోంది. అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వచ్చే జబ్బు. పగటి వెలుతురులో కూర్చుంటే ఎదురుగా తాళంచెవి దూరే కన్నమంత మేర కనిపిస్తుంది. చీకట్లో అదీ ఉండదు. సినిమా హాలంటేనే చీకటి. ఇరవై ఆరేళ్ళుగా ఒకే పత్రికలో సినిమా సమీక్షలు రాస్తున్న మనిషికి ఏరికోరి వచ్చిన జబ్బు ఇది.

ఈ సంగతి ఆయనకు, నాకు, కంటి డాక్టరుకు తప్ప నాలుగో మనిషికి తెలియదు. తెలియనివ్వలేదు. కనపడని మనిషి చేత సినిమా సమీక్ష ఎవరు రాయిస్తారు? పుస్తకాల పేజీ తీసేశారు, సంగీతం పేజీ తీసేశారు, వంక దొరికితే సినిమా పేజీ కూడా తీసేయడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయనకేమో ఇంకో పని రాదు, ఇంకో పని మీద మనసూ లేదు. అందుకని రెండేళ్ళుగా ప్రతి ప్రత్యేక ప్రదర్శనకూ నేను వెంట వెళ్తున్నాను. చివరి వరసలో మూల సీట్లు మావి. తెర మీద ఏం జరుగుతోందో ఆయన చెవిలో చెబుతూ ఉంటాను. ఈ వయసులో మొగుడూ పెళ్ళాలకు ఇన్ని గుసగుసలేమిటని ముందు వరసలో వాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఈ పనికి ఆయన మొదటిరోజే ఒక నియమం పెట్టాడు. "నీ అభిప్రాయం నాకొద్దు, నీ కళ్ళు కావాలి. కనపడింది చెప్పు. అనిపించింది చెప్పకు," అన్నాడు. నాకు కోపం వచ్చింది కానీ పాటించాను. నేను దర్జీ పని చేస్తాను. ఇంటి ముందు గదిలో మిషను, వీధిలోకి ఒక బోర్డు, జిప్పులు మార్చడం, పొడుగు తగ్గించడం, చిరిగినవి అతకడం. కొలత కొలతలాగే చెప్పడం నాకు అలవాటే. హీరోయిన్లు ఎలా ఉన్నారో అడిగినప్పుడు మాత్రం ఒకటి రెండు అంగుళాలు తగ్గించి చెప్పేదాన్ని. అదీ ఒక తప్పేనా అనుకునేదాన్ని.

ఆ గురువారం పదింటికి చూసిన సినిమా పేరు 'మూరెడెత్తు వీరుడు'. లిఫ్టులు బాగుచేసే కుర్రాడు ఒకడు లిఫ్టు గుంటలో కరెంటు షాకు తింటాడు. దానితో అతనికి గాల్లోకి లేచే శక్తి వస్తుంది. ఎంత ఎత్తుకి? మూరెడు. అంతకంటే అంగుళం లేవలేడు. దొంగలు గోడ దూకి పారిపోతుంటే ఈ మహావీరుడు గోడకి ఇవతల మూరెడెత్తున వేలాడుతూ, కాస్త ఆగండి బాబూ అని బతిమాలుతుంటాడు. అటక మీద డబ్బా అందుకోవడానికి కూడా పనికిరాని శక్తి అని వాళ్ళక్క దెప్పుతుంది. నేను నవ్వలేక చచ్చాను. ఆయన చేతిని ఎన్నిసార్లు నొక్కానో లెక్కే లేదు. ఆయన కూడా హాయిగా నవ్వుతున్నాడు, చాలా రోజుల తరవాత.

ఆ వీరుడికి ఒక తండ్రి ఉన్నాడు. గొడుగులు బాగుచేస్తాడు. ఆయన కప్పులోకి టీ వంచుతాడు, ధార కప్పు పక్కన పడుతుంది. హాలు గొల్లుమంది. నేను నొక్కాను, మా ఆయన నవ్వాడు. ఏమయిందని అడిగితే టీ కప్పు పక్కన పోశాడని చెప్పాను. తరవాత ఆ తండ్రి కొయ్యకి తగిలించిన కోటును పక్కింటాయన అనుకుని కుశలమడుగుతాడు. మళ్ళీ గొల్లు, మళ్ళీ నొక్కు. మా ఆయన గట్టిగానే నవ్వాడు. నా నవ్వు మాత్రం అక్కడే ఆగిపోయింది. ఆ చెయ్యి బల్ల మీద ఎలా పాకుతోందో చూశాను. అలా పాకే చెయ్యి మా ఇంట్లో ఒకటుంది.

కొడుకు ముసుగు కావాలంటాడు. తండ్రి నల్లటి గొడుగు గుడ్డ కత్తిరించి కుట్టడానికి కూర్చుంటాడు. కెమెరా ఆ చేతుల్ని వదలదు. సూదిలోకి దారం ఎక్కదు. నాలుకతో తడిపి మళ్ళీ ప్రయత్నిస్తాడు. హాలు నవ్వుతూనే ఉంది. చివరికి ముసుగు తయారవుతుంది. చూసుకోవడానికి ఉంచిన కన్నాల్లో ఒకటి నుదుటి మీదికి, ఒకటి చెంప మీదికి వచ్చాయి. కొడుకు ముసుగును చూస్తాడు, తండ్రిని చూస్తాడు. మాట్లాడకుండా తొడుక్కుంటాడు. సరిగ్గా సరిపోయింది నాన్నా అని, ఏమీ కనపడక గుమ్మానికి గుద్దుకుంటూ బయటికి వెళ్ళిపోతాడు. ముందు వరసల నుంచి మొదలై నవ్వు ఒక్కో వరసా ఆరిపోయింది. తరవాత ఎవరూ కదల్లేదు.

"ఎందుకింత నిశ్శబ్దం?" అని మా ఆయన నా చెవిలో అడిగాడు.

చెప్పాల్సింది ఒక్క ముక్క. ఆ తండ్రికి కళ్ళు కనపడవు, ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నాడు. అంతే. కానీ ఆ ముక్క ఆ చీకట్లో, ఆ చెవిలో, అప్పటిదాకా నేనే నొక్కి నవ్వించిన మనిషితో చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

"మతిమరుపు మనిషండీ. ముసుగు సగం కుట్టి మర్చిపోయి ఇచ్చేశాడు," అన్నాను.

ఇంటికొచ్చి ఆయన సమీక్ష చెబుతుంటే నేను టైపు చేశాను. హీరోను మెచ్చుకున్నాడు, అక్కను మెచ్చుకున్నాడు, మూరెడు శక్తి అన్న ఊహను ఆకాశానికెత్తాడు. చివరికి వచ్చేసరికి గొంతు సవరించుకున్నాడు. "ఇంత సరదా సినిమాకి పట్టిన ఒకే ఒక్క శని ఆ మతిమరుపు తండ్రి. కప్పు పక్కన టీ పోసే హాస్యానికి నా వయసుంది. ఆ ముసలాయన్ని ఇంట్లో వదిలేసి వస్తే వీరుడు ఇంకో మూరెడు లేచేవాడు." ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. పత్రికకు పంపడానికి ఇంకా గంట టైముంది. ఆ గంటా నేను ఎవరిదో ప్యాంటుకు జిప్పు మారుస్తూ కూర్చున్నాను.

శుక్రవారం పొద్దున్న పత్రికల్లో సమీక్షలన్నీ వచ్చాయి. శుక్రవారం టీ తాగాక మిగతావాళ్ళ సమీక్షలు ఆయనకు చదివి వినిపించడం మా ఇంట్లో ఆనవాయితీ. ఆయన పరీక్ష ఫలితాలు వినే పిల్లాడిలా ముందుకు వంగి కూర్చుంటాడు. నేను మొదటి పేపరు తెరిచాను. మొదటి వాక్యమే ఆ తండ్రి గురించి. రెండో పేపరు తెరిచాను. అందులోనూ ఆ తండ్రే. ఒకళ్ళు, గుడ్డితనాన్ని చూపించి హాలంతా నవ్వించిన దర్శకురాలు పది నిమిషాల్లో ఆ నవ్వుకు మనల్నే సిగ్గుపడేలా చేసిందని రాశారు. ఇంకొకళ్ళు, కనపడని మనిషి అవస్థను అరగంటసేపు నవ్వులాటకు వాడుకుని చివర్లో కన్నీళ్ళు పెట్టించినంత మాత్రాన చేసిన పాపం పోదని ఉతికి ఆరేశారు. మెచ్చినవాళ్ళు, తిట్టినవాళ్ళు, అందరూ ఆ ముసుగు దగ్గరే కొట్టుకుంటున్నారు. సినిమా అంటే అదే అయిపోయింది. మా ఆయన ఒక్కడే ఆ తండ్రిని మతిమరుపు మనిషన్నాడు.

అయినా చదివాను. గుడ్డితనం అని ఉన్నచోట మతిమరుపు అని, కనపడక అని ఉన్నచోట గుర్తులేక అని మార్చుకుంటూ చదివాను. ఆయన విని విని నొసలు చిట్లించాడు. మతిమరుపు మీద ఇంత గొడవేమిటి, ఈ జనానికేమయింది అన్నాడు. ఏమో, అందరికీ ఇంట్లో ఒక మతిమరుపు మనిషి ఉంటారు కదా అన్నాను. ఒక అబద్ధానికి వంద అబద్ధాలు కాపలా పెట్టాలంటారు. నాకు అప్పటికే వంద పూర్తయ్యాయి.

సమీక్షకుల్లో ఒకాయన ఉన్నాడు. ఏ సినిమానైనా జల్లించి తప్పులు ఏరతాడని అందరూ జల్లెడ అంటారు. మా ఆయనంటే ముందు నుంచీ పడదు. శనివారం జల్లెడ ఇంటర్నెట్లో రెండు వాక్యాలు పెట్టాడు. ఒక పెద్దాయన ఆ తండ్రికి మతిమరుపు అని రాశారు, ఆయన సినిమా చూశారా లేక చూసినవాళ్ళనడిగి రాశారా అని. కింద వందల మంది. మా అయిదేళ్ళ పాపకు కూడా అర్థమయింది అని ఒకరు. కళ్ళు మూసుకుని చూసుంటాడు అని ఒకరు. ఊరికే తిట్టడానికన్న మాటలే, అందరినీ అనే మాటలే. కానీ నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. ఫోను బోర్లా పెట్టి, లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టి వచ్చాను. పట్టపగలు. ఎవరో వచ్చి అడుగుతారన్నట్టు.

ఆ సాయంత్రమే ఎడిటరు ఫోను చేశాడు. ఆయనతోనే నేరుగా మాట్లాడాడు. మీ సమీక్ష మీద పెద్ద దుమారం లేచింది, మంచిదే, సోమవారం పదకొండింటికి దర్శకురాలు మన ఆఫీసుకు వస్తోంది, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడండి, ఆ సీను మళ్ళీ వేసి చూపిస్తాం, వీడియో తీసి పెడదాం అన్నాడు. మా ఆయన సరేనన్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు కుర్చీ చేతుల్ని రుద్దుతూ కూర్చున్నాడు.

"అక్కడ నువ్వు నా పక్కనుండవు," అన్నాడు.

ఆయన భయం ఆయనది. తెర ఎటుందో తెలియక వేరేవైపు చూస్తూ దొరికిపోతానని. నా భయం దానికి రెండింతలు. ఆయన దొరికిపోయేది తల తప్పు దిక్కుకు తిప్పినందుకు కాదు, నేను చెప్పింది నమ్మినందుకు. ముందే చెబితే ఆయన ఏదో ఒకటి సర్దుకుంటాడు, మాటలకేం కొదవ. కానీ చెబితే, ఇక జన్మలో నేను చెప్పింది ఆయన నమ్మడు. చీకట్లో నా మాట తప్ప ఆయనకేం లేదు. ఆ మాటే పోతే ఆయన హాల్లో ఎలా కూర్చుంటాడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆదివారం మూడుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. తెగుతుందేమోనని ఊరుకున్నాను. రెండోసారి, పత్రికాఫీసులో లిఫ్టు దిగిన దగ్గర్నుంచి ఎడిటరు గది దాకా పద్దెనిమిది అడుగులు, అక్కణ్ణుంచి కుడివైపు ఆరు అని ఆయన తనలో తను లెక్క పెట్టుకుంటున్నాడు. ఆ ముఖం చూసి నోరు మూసుకున్నాను. మూడోసారి ఆయనే నా వైపు తిరిగి, నువ్వేదో దాస్తున్నావు అన్నాడు. జల్లెడ ఏదో కూసి ఉంటాడు, నాకు చెప్పడం లేదు, అంతేనా అన్నాడు. అంతేనన్నాను.

సోమవారం ఆఫీసులో లిఫ్టు దిగగానే ఆగిపోయాను. బల్లలన్నీ జరిపేశారు. పద్దెనిమిది అడుగుల దారి లేదు. మధ్యలో అడ్డంగా అద్దాల గది కట్టారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, ఆయనే నన్ను నడిపిస్తున్నట్టు కనిపించేలా అరడుగు వెనగ్గా నడుస్తూ ఆ గది దాకా తీసుకొచ్చాను. అక్కడ ఎడిటరు ఎదురొచ్చి, అమ్మా మీరు ఇటు కూర్చోండి, లోపల కెమెరాలకే చోటు చాల్లేదు అన్నాడు. లోపలికి వెళ్తున్న ఆయన చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. నన్ను పక్కనున్న ఇరుకు గదిలో, సౌండు చూసే అమ్మాయి వెనక స్టూలు మీద కూర్చోబెట్టారు. అద్దంలోంచి అంతా కనిపిస్తుంది, స్పీకర్లో అంతా వినిపిస్తుంది, ఒక్క మాట చెప్పడానికి మాత్రం దారి లేదు.

దర్శకురాలికి ముప్ఫై దాటి ఉండవు. గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ పిల్లకి మా ఆయనంటే భయం, మా ఆయనకి ఆ గదంటే భయం, నాకు అన్నీ భయమే. ఎడిటరు ఒక్కడే హుషారుగా ఉన్నాడు. ముందు సీను చూద్దాం అన్నాడు. ఎడమవైపు గోడ మీద పెద్ద టీవీ వెలిగింది. మా ఆయన తల కుడివైపు తిప్పాడు. అక్కడ మంచినీళ్ళ కూజా ఉంది. దర్శకురాలు ఆయన్ను చూసింది, కూజాను చూసింది, మళ్ళీ ఆయన్ను చూసింది.

సీను మొదలైంది. హాల్లో చూసిన సీనే. కానీ ఇక్కడ హాలు లేదు. నవ్వే జనం లేరు. ఆయన చెవిలో నేను లేను. స్పీకర్లోంచి టీ ధార చెక్క మీద పడి, అంచుదాకా పారి, నేల మీద చుక్కలు చుక్కలుగా పడటం వినిపించింది. అరచెయ్యి బల్ల మీద పాకడం వినిపించింది. గొంతు వినిపించింది: "బల్బు మార్చాలిరా, వెలుతురు చాలట్లేదు." ఈ మాట హాల్లోనూ ఉండే ఉంటుంది. అప్పుడు నేను ఆయన చెవిలో టీ కప్పు పక్కన పోశాడని చెబుతున్నాను. రెండేళ్ళ కిందట, జబ్బు ఇదని తేలకముందు, మా ముందు గదిలో మూడు నెలలపాటు మా ఆయన అన్న మాట అదే. నేను మూడు బల్బులు మార్చాను.

ఆయన ముఖం మారడం అద్దంలోంచి చూశాను. తల కూజా వైపు నుంచి మెల్లగా కిందికి దిగింది. సూదిలో దారం ఎక్కనప్పుడు వదిలే ఊపిరి, నాలుకతో తడపడం, మళ్ళీ ఊపిరి. సీను అయిపోయింది.

"మళ్ళీ వెయ్యండి," అన్నాడు మా ఆయన.

మళ్ళీ వేశారు. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాడు. దర్శకురాలు గోళ్ళు కొరకడం మానేసింది. ఎడిటరు చెప్పండి సార్ అన్నాడు. నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. ఏం చేద్దామనో నాకే తెలియదు.

"ఇతను ఎక్కడో పెట్టి మర్చిపోయిన కత్తెర కోసం తడమడం లేదు," అన్నాడు మా ఆయన. "కత్తెర కోసం తడిమేవాడి చెయ్యి వేగంగా పోతుంది. ఇతను బల్ల అంచు ఎక్కడుందో చూసుకుంటున్నాడు. ఇతనికి కనపడదు."

మీరు మతిమరుపు అని రాశారు కదండీ అని దర్శకురాలు మెల్లగా అంది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

"రాశాను. తప్పు రాశాను. నేను మీ సినిమా చూడలేదమ్మా, విన్నాను. నాకూ కనపడదు. రెండేళ్ళయింది."

ఎడిటరు కెమెరాలు ఆపమన్నాడు. సౌండు అమ్మాయి చెయ్యి మీట మీద అలాగే ఉండిపోయింది. ఎవరు చెప్పారండీ మీకు, ఎవరి సాయంతో రాస్తున్నారు అని ఎడిటరు రెండుసార్లు అడిగాడు. మా ఆయన నా పేరెత్తలేదు. తప్పు నాదే అన్నాడు. దానికన్నా అందరి ముందూ నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఈ శుక్రవారానికి పేజీ ఆపుదాం, తరవాత సంగతి పైవాళ్ళతో మాట్లాడి చెబుతాను అన్నాడు ఎడిటరు. అంటే ఏమిటో ఇరవై ఆరేళ్ళు పత్రికలో ఉన్న మనిషికి చెప్పక్కర్లేదు. దర్శకురాలు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చి, నాకు అప్పగించి వెళ్ళిపోయింది.

బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకిచ్చాను. చెయ్యి నా చేతిలోనే ఉంది, అలవాటు కొద్దీ. కానీ ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టు ఉంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను ఇన్నాళ్ళూ. అది పోయినట్టే. దాని గురించి ఇప్పుడు నాకు ఏమీ అనిపించడం లేదు. నేను చెప్పకుండా ఉంటే ఆయన ఆ రోజు హాల్లోనే తెలుసుకునేవాడు. చెవులతోనే పట్టేసేవాడు. నా గుసగుస అడ్డం పడింది. బస్సు దిగేదాకా నాకు ఇదే తోచింది.

ఇంటికొచ్చాక ముందు గదిలో, మిషను పక్కన ఆయన కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి గది సగందాకా వచ్చింది.

"నువ్వు నొక్కావు, నేను నవ్వాను," అన్నాడు. "నా మీద నన్నే నవ్వించావు."

నేను ఏడ్చాను. ఆయన నా ఏడుపు అయ్యేదాకా ఆగాడు. తరవాత, ఈ రెండేళ్ళలో ఇంకేమేం మార్చావు అని అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది. సినిమా తరవాత సినిమా, గుర్తున్నంతవరకూ చెప్పాను. చావుల దగ్గర తొందరగా దాటేశాను. ఒక సినిమాలో భార్య వదిలేసి వెళ్ళిపోతే ఊరికి వెళ్ళిందన్నాను. హీరోయిన్ల సంగతి కూడా చెప్పాను. దానికి ఆయన పెదవి కొంచెం కదిలింది. నవ్వో కాదో తెలియదు. ఇక అయిపోయింది, గండం గడిచిందనుకున్నాను.

"కంటాసుపత్రి నుంచి కవరు వచ్చింది కదా, పోయిన మంగళవారం," అన్నాడు. "నువ్వు చదివింది, అందులో ఉన్నదేనా?"

ఆ కవరు సంగతి ఇంతసేపూ మీకు కూడా చెప్పలేదు నేను. చెప్పడానికి నాకే భయం. అది మంగళవారం వచ్చింది, సినిమా గురువారం. మంగళవారం నాడు ఆ కాగితం విప్పి, అంతా నిలకడగా ఉంది, ఏమీ తగ్గలేదట అని చదివాను. ఆయన హమ్మయ్య అని, ఆ రోజు పాట కూడా పాడుకున్నాడు. రెండు రోజుల తరవాత హాల్లో ఆ తండ్రి ముసుగు కుడుతుంటే, కనపడదు అన్న మాట నా నోట్లోంచి ఎందుకు రాలేదో ఇప్పుడు మీకు తెలుస్తుంది. ఆ మాటను అప్పటికే ఒకసారి మింగేశాను.

లేదండీ అన్నాను.

బొత్తాల డబ్బా అడుగు నుంచి కాగితం తీశాను. చదవమన్నాడు. ఒక్క మాట మార్చకుండా, ఒక్క మాట వదలకుండా చదివాను. రెండు కళ్ళలోనూ మిగిలిన చూపు వేగంగా తగ్గుతోంది, ఆరు నుంచి ఎనిమిది నెలల్లో అది కూడా పోయే అవకాశం ఎక్కువ, మందులతో ఆగేది కాదు. కింద డాక్టరు సంతకం, తేదీ. సంతకం ఉందని కూడా చెప్పాను.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. బోర్డు చూసి ఒకావిడ గుమ్మం దాకా వచ్చింది. మా ముఖాలు చూసి, తెచ్చిన సంచీతో అలాగే వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇలా రా. ఎండలోకి వచ్చి కూర్చో," అన్నాడు.

స్టూలు లాక్కుని ఎండలో, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. ఇంకొంచెం ఎడమకు అన్నాడు. జరిగాను. తల పైకెత్తమన్నాడు. ఎత్తాను. నుదురు, ఒక కన్ను, ఇంకో కన్ను, ముక్కు, ఒక్కొక్కటిగా వెతుక్కుంటూ ఆయన నన్ను చూస్తున్నాడు. ముఖమంతా ఏడ్చి ఉబ్బిపోయి ఉందని, జుట్టు రేగిపోయి ఉందని నాకు తెలుసు. తుడుచుకోవాలనిపించింది. కానీ తుడుచుకోలేదు, ఉన్నదున్నట్టుగానే కదలకుండా కూర్చున్నాను.